తూర్పు మూలకి పార తగలనీయొద్దు

“నాయనమ్మా, శనివారం పొక్లెయినర్ వస్తే సమాధుల తోట గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటానన్నావంట. పాస్టరుగారు నవ్వుతూనే చెప్పారనుకో. ఆ తూర్పు మూల ఎందుకు ముట్టుకోకూడదో అసలు సంగతి చెప్పు. ఫోన్‌లో రికార్డు చేస్తున్నా.”

చేసుకోవే గ్రేసీ. ఎంతసేపు చెప్పినా పడుద్దా అందులో? అయితే నా బుర్ర కంటే నయమే. మొన్న పొయ్యి మీద పాలు పెట్టి, పాలేవీ అని ఫ్రిజ్జులో వెతికా. మీ అమ్మ నవ్వింది గానీ నాకు నవ్వు రాలా. అందుకే చెప్తన్నా, ఇది ఈ పూటే చెప్పాలి. రేపటికి నాలో ఏది ఉంటుందో ఏది పోతుందో.

ముందు అసలు మాట చెప్పేస్తా, తర్వాత మధ్యలో దారి తప్పినా పర్లేదు. ఆ తూర్పు మూల మట్టిలో పురుగులు పడుకుని ఉన్నయ్. వయ్యారిభామ మొక్కని తినే పురుగులు. వానలు తగ్గాక మట్టిలోకి దిగుతయ్, మళ్ళీ తొలకరికి లేస్తయ్. ఈలోపల అక్కడ పార పెట్టకూడదు, మంట వేయకూడదు. మీరేమో మూరెడు మట్టి ఎత్తి పారేసి సిమెంటు బిళ్ళలు పరుస్తామంటున్నారు. పరిస్తే అవి పైకెట్టా వస్తయ్యే? అదీ సంగతి. పడిందా అందులో? సరే.

ఇంక నింపాదిగా చెప్తా. వయ్యారిభామ తెలుసుగా నీకు? మీ కాలేజీ గోడ పక్కన కూడా ఉంది, నిన్ను చేర్చటానికి వచ్చినప్పుడు చూశా. క్యారెట్ ఆకులాగా చీలికలు చీలికలుగా ఉంటుంది, పైన సగ్గుబియ్యం చల్లినట్టు తెల్లటి పూలు. పేరు చూడు ఎంత ముద్దుగా పెట్టారో దానికి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మన ఊళ్ళో ఆ మొక్కే లేదు. గరిక ఉండేది, తుంగ ఉండేది, మిరప చేలో కలుపుకి పోతే పాయలాకు ఒళ్ళో వేసుకొచ్చి పప్పులో వండేవాళ్ళం. ఇది ఎక్కడో పరదేశం నుంచి వచ్చిందంట. మొదట కాలవ గట్టున ఒకటీ అరా కనపడింది. పూలు బాగున్నాయని జడలో పెట్టుకున్న పిల్లలు కూడా ఉన్నారు. ఇంక చూస్తుండగానే రోడ్డు పక్కన, పత్తి చేల గట్ల మీద, బడి వెనక, ఎక్కడ కాస్త ఖాళీ జాగా ఉంటే అక్కడ అదే. గేదె తినదు. ఆకలికి తిన్నా పాలు చేదు.

మీ తాతయ్యకి ఒక చెల్లెలుండేది, రాహేలమ్మ. నువ్వు చూడలా. ఊళ్ళోనే ఇచ్చారు, మన వీధి చివర ఇల్లు. మనిషి గలగలమని ఉండేది, మిరప కోతల్లో ఆమె ఉన్న సాలులో నవ్వులే నవ్వులు. ఆమెకి ఒక్కతే కూతురు. రెండో తరగతి చదువుతుండగా పచ్చకామెర్లు వచ్చి పోయింది. ఆ పిల్ల పేరు... ఉండు. నాలుక మీదే ఉంది. నన్ను ‘అత్తా అత్తా’ అని కొంగు పట్టుకుని తిరిగేది, దాని పేరు... వచ్చుద్దిలే. ముందు ఇది చెప్పనీ.

ఆ పిల్లని తూర్పు మూలన పెట్టారు. మీ తాతయ్య తనే నల్లరాయి చెక్కించి పేరు రాయించాడు. రాహేలమ్మ పనికి పోయొచ్చి రోజూ సాయంత్రం అక్కడ కూర్చునేది. ఒక్కదాన్నీ వదలలేక నేనూ వెళ్ళి కూర్చునేదాన్ని. మాట్లాడటానికి ఏముంటుంది? ఊరికే కూర్చుని ఆ రాయి మీద అక్షరాల్లో వేలు పెట్టి తిప్పేదాన్ని. నాకు చదువు రాదుగా అప్పటికి. కానీ పేరు తెలుసు. పేరు తెలిసినప్పుడు, ఇదిగో ఈ గుండ్రంది ఈ శబ్దం అయ్యుంటుంది, ఈ కొమ్ము ఈ దీర్ఘం అయ్యుంటుంది అని అర్థమైపోతుందే. అట్టా ఆ పిల్ల పేరు చదివా. తర్వాత పక్క రాయి, మా మామగారిది. ఆ పక్కది పాత సంఘ పెద్దది. అందరి పేర్లూ తెలిసినవే. రాళ్ళన్నీ అయిపోయేసరికి నాకు చదవటం వచ్చేసింది. తర్వాత బజ్జీల పొట్లం కాగితం దగ్గర్నుంచి ఎరువుల బస్తా దాకా దేన్నీ వదిలేదాన్ని కాదు. “నీకు చదువు ఎవరు చెప్పారు?” అని ఎవరన్నా అడిగితే, “పైకెళ్ళినవాళ్ళు చెప్పార్రా” అనేదాన్ని. హడలిపోయేవాళ్ళు.

ఎక్కడున్నా? ఆ, వయ్యారిభామ.

అది సమాధుల తోటలోకి కూడా వచ్చేసింది. రాళ్ళు కనపడకుండా నడుం ఎత్తు పెరిగింది. ఏటా నవంబరులో సమాధుల పండక్కి ఎవరి జాగా వాళ్ళు చెక్కి సున్నం వేసుకునేవాళ్ళు. పండగైన నెలకి కాస్త తడి తగిలితే మళ్ళీ మొలిచేది. ఆ మొక్క రాహేలమ్మకి పడలా. అందరికీ చేతులు దురదలు పెట్టేవి, నాకూ పెట్టేవి, పాలిథిన్ కవర్లు చేతులకి కట్టుకుని పీకేవాళ్ళం. ఆమెకి మాత్రం కంటి రెప్పలు వాచి మూసుకుపోయేవి. మెడ మీద, మోచేతి మడతల్లో తోలు నల్లబడి, మందంగా తయారై, గోకితే రసి. పూత మీద ఉన్నప్పుడు ఆ గాలి తగిలినా చాలు. గుంటూరు తీసుకుపోయి పెద్ద డాక్టరుకి చూపించాం. ఆయన “ఆ మొక్క లేని చోటికి వెళ్ళి ఉండమ్మా” అన్నాడు. రాహేలమ్మ వాచిన కళ్ళతోనే నవ్వి, “ఆ ఊరి పేరు కూడా చీటీలో రాసివ్వండి బాబూ” అంది. కొబ్బరి నూనె రాద్దామంటే అప్పుడు ఒక సీసాకి రెండు రోజుల కూలి పోయేది. ఇంక కూతురి దగ్గరికి పోవటం మానేసింది. మానేసిందంటే, గేటు దాకా వచ్చి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి, ఆ మూలకి చూసి వెళ్ళిపోయేది. చూస్తే ఏం కనపడుద్ది? ఆకు.

నేను ఆ రోజుల్లో ఒక పొట్లం కాగితంలో చదివా. ఈ మొక్క పుట్టిన దేశంలో దీన్ని తినే పెంకు పురుగు ఒకటుందనీ, దాన్ని మన దేశానికి తెచ్చి వదులుతున్నారనీ. కాగితం సగం చిరిగిపోయి ఉంది, మిగతా సగంలో ఎవరికో పకోడీలు కట్టిచ్చి ఉంటాడు. చదివి ఊరుకున్నా. తర్వాత పొదిలిలో మా చెల్లెలికి ఒంట్లో బాగోలేదంటే వానాకాలంలో చూట్టానికి వెళ్ళా. బస్సు దిగి నడుస్తుంటే రోడ్డు పక్కన వయ్యారిభామ అంతా పుల్లలై ఉంది. ఆకు లేదు, పూత లేదు. దగ్గరికి పోయి చూద్దును గదా, మీగడ రంగు వీపు మీద నల్ల చారలతో పురుగులు. కందిగింజ కంటే ఏమంత పెద్దవి కావు. ఆకు వెనక పచ్చటి గుడ్లు, కొమ్మకి బూడిద రంగు పిల్లలు. వ్యవసాయ ఆఫీసు వాళ్ళు తెచ్చి వదిలారని మా చెల్లెలు చెప్పింది. “తీసుకుపో అక్కా, మాకు బోలెడు ఉన్నయ్” అంది, ములక్కాయలు ఇచ్చినట్టు.

మా చెల్లెలి టిఫిన్ క్యారేజీ అడిగి తీసుకున్నా. కింద గిన్నెలో వయ్యారిభామ ఆకు, పురుగులు. మూత తీసేసి పల్చటి గుడ్డ కట్టా. పై గిన్నెలో నాకు పులిహోర. చిలకలూరిపేటలో బస్సు మారాక, కండక్టరు టిక్కెట్టు కొడుతూ, “ఏంటమ్మా, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని చంటిపిల్లలా చూసుకుంటున్నావు, నాటుకోడా?” అన్నాడు. “కాదు బాబూ, పురుగులు” అన్నా. బస్సంతా నవ్వింది. నిజం చెప్తే ఎవరు నమ్ముతారు?

కానీ ఊళ్ళో ఎవరికీ చెప్పలా. మీ తాతయ్యక్కూడా చెప్పలా. ఎందుకంటే ఆ రోజులు నీకు తెలియదు. పత్తిని పచ్చపురుగు తినేస్తున్న రోజులు. ఎన్ని మందులు కొట్టినా చావదు. మనుషులు మొహాలు వేలాడేసుకుని చేలల్లోనే కూర్చునేవాళ్ళు. పురుగు అన్న మాట వింటే ఊరు వణికేది. అట్టాంటప్పుడు, నేను బస్సులో పురుగులు తెచ్చానంటే, నన్ను ఆ క్యారేజీతో సహా ఊరవతల పెట్టేవాళ్ళు. అందుకని చడీ చప్పుడు లేకుండా సమాధుల తోటలో వదిలేశా. పత్తి చేలల్లో ఎటు చూసినా మందే గదా, మందు కొట్టని జాగా అదొక్కటే ఉంది.

అబ్బా, ఎంత బాగా తిన్నయ్యో! వానలు పడుతున్నంతకాలం గుడ్లు, పిల్లలు, మళ్ళీ గుడ్లు. పనికి పోతూ గోడ మీద నుంచి తొంగి చూసుకునేదాన్ని. ఆకులన్నీ జల్లెడలయ్యాయి. ఈసారి పండక్కి రాహేలుని చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా అనుకున్నా.

మీ తాతయ్య పని తెలుసుగా? మందు కొట్టే కూలి. వీపు మీద ట్యాంకు ఎక్కించుకుంటే సాయంత్రం దాకా దించేవాడు కాదు. ఆకు మీద చిల్లు కనపడితే ఆయన చెయ్యి ఆగేది కాదు. వానలు తగ్గుతుండగా ఒకరోజు చీకటి పడకముందే ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, మంచి పని చేసొచ్చినవాడిలా చెప్పాడు. “ఏమే, సమాధుల తోటకి పురుగు పట్టిందే. ఆకులన్నీ చిల్లులే. ట్యాంకులో మందు మిగిలితే మొత్తం కొట్టేసి వచ్చా, సంఘానికి ఊరికే చేసినట్టుంటుందని.”

చేతిలో చెంబు అక్కడే పెట్టేసి అడిగా. “ఏ ఆకులయ్యా?”

“ఆ గడ్డి ఆకులే.”

“ఆ గడ్డి నీకేమన్నా కాపిస్తుందా? క్వింటాళ్ళు దిగుతయ్యా? గుంటూరు యార్డుకి తోలుకుపోతావా?”

కాళ్ళు కడుక్కోవటం ఆపాడు. నా మొహం చూశాడు. “అవునే,” అన్నాడు. “నేనెందుకు కొట్టాను?”

కలుపు మొక్కకి పురుగు పట్టిందని బెంగపడి మందు కొట్టినవాడు లోకంలో ఇంకొకడు ఉండడమ్మా. మన ఊళ్ళోనే ఉంటాడు. అన్నేళ్ళు పత్తి చేసీ చేసీ, అది పంటో కలుపో చూట్టం పోయింది, పురుగు కనపడితే చంపటం ఒక్కటే మిగిలింది. నవ్వకు. అప్పుడు నేను ఏడ్చా. ఏడుస్తూనే మొత్తం చెప్పేశా, పొదిలి, క్యారేజీ, రాహేలు, అంతా. ఆయన వింటూ వింటూ, “ఆ క్యారేజీ... దాంట్లోనేనా నాకు నెలరోజులుగా అన్నం పెడుతున్నావు?” అన్నాడు. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది నాకు.

తర్వాత ఆయనే మెల్లగా, “పిల్ల ఉన్న మూల మాత్రం కొట్టలేదే. అది పడుకున్న చోట ఆ కంపు ఎందుకని వదిలేశా” అన్నాడు.

పరుగెత్తా. మిగతా తోటంతా కింద చచ్చి పడి ఉన్నయ్, రాళ్ళ మీద కూడా. తూర్పు మూలకి పోయి ప్రతి ఆకూ తిప్పి చూశా. ఒక్కటీ లేదు. చావలేదు, అట్టా అని బతికీ కనపడలేదు. మందు గాలి తగిలి ఎటో ఎగిరిపోయాయి, ఇంక అయిపోయింది అనుకున్నా.

పండగ వచ్చింది. ఊరంతా పారలు పట్టుకుని సమాధుల తోటలో చేరింది. చెక్కటం, కుప్ప వేసి కాల్చటం, సున్నం, బంతిపూలు. ఏటా రాహేలమ్మ తరఫున ఆ మూల నేనే చెక్కేదాన్ని. పార తీసుకుని బయల్దేరుతుంటే ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “వదినా, ఈసారి వదిలెయ్. నేను రాలేని చోటు అద్దంలా ఉంటే ఎవరి కోసం?” అంది. అట్టా అన్న మనిషికి ఏం చెప్తావు? పార గోడకి ఆనించేశా. మన దగ్గర ఒకళ్ళ సమాధి ఇంకొకళ్ళు ముట్టుకోరు, మాట వస్తుంది. అందుకని ఆ మూల ఒక్కటే చెక్కకుండా ఉండిపోయింది. అందరి రాళ్ళ మీదా కొవ్వొత్తులు, ఆ మూల ఎండిపోయిన పుల్లలు.

ఎండాకాలం పోయింది. తొలకరి పడింది. పడిన మూడో రోజో నాలుగో రోజో... సరిగ్గా గుర్తు లేదులే. మీ తాతయ్య పొద్దున్నే చేలోకి పోయినవాడు వీపు మీద ట్యాంకుతోనే వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. “లేచినయ్యే! లేచినయ్!”

“ఈస్టరు అయిపోయి ఎన్నాళ్ళయింది, ఇప్పుడు లేచిందెవరయ్యా?” అన్నా.

“నీ పురుగులే!”

ఇద్దరం పోయి చూశాం. ఆ మూల తడిమట్టిలో సన్న సన్న బొక్కలు. ఒకటి సగం బయటికి వచ్చి, వీపు మీద మట్టితో, ఎండకి ఆరబెట్టుకుంటూ కూర్చుంది. మేము ఎగిరిపోయాయనుకున్నవి మట్టిలోకి దిగి పడుకున్నాయన్నమాట. మిగతా తోటలో ఏమన్నా దిగి ఉంటే పారలకి, మంటకి పోయి ఉంటయ్. ఆ ఒక్క మూలే మిగిలింది. రాహేలమ్మ ‘వదిలెయ్’ అంది చూడు, ఆ మాట మీద మిగిలింది.

అప్పట్నుంచి మీ తాతయ్య కాపలా. ఎవరన్నా ట్యాంకు వేసుకుని అటు వస్తే, “ఒరేయ్, ఎవడ్రా అది? ఆ పంట నాదిరా!” అని అరిచేవాడు. పత్తి మీద పడతయ్యేమోనని నలుగురు గొడవకి వస్తే, వాళ్ళ ముందే పత్తి కొమ్మ తెచ్చి పురుగుల మధ్యలో గుచ్చాడు. ఎక్కినయ్, దిగినయ్, తినలా. ఇంక ఊరుకున్నారు. రెండు మూడు వానాకాలాలు పోయేసరికి తోటలో మొక్క పల్చబడింది. పూర్తిగా పోలేదు. పోదు అది. అక్కడా ఇక్కడా లేస్తుంది, పూత పట్టేలోపల ఇవి తినేస్తయ్. మధ్యలో గరిక మళ్ళీ వచ్చింది.

అప్పుడు రాహేలమ్మని తీసుకెళ్ళా. గేటు దగ్గర అలవాటుగా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. “తియ్యవే, ఏం కాదు” అన్నా. తియ్యలేదు. మెల్లగా నడిచి రాయి దాకా వచ్చింది. వానకి కడిగినట్టు ఉంది రాయి, పేరు అంత దూరం నుంచే కనపడుతుంది. కూర్చుంది. కొంగు అప్పుడు తీసింది. రాయి మీద ఒక పురుగు పాకుతుంటే వేలు అడ్డం పెట్టింది, అది వేలెక్కింది. “అమ్మాయికి పురుగులంటే భయం వదినా,” అంది. “బొద్దింక కనపడితే నా నడుం ఎక్కేది.” అంతే అంది. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. మర్నాడు కళ్ళు వాచలా.

ఇంక పోయేదాకా రోజూ వెళ్ళేది. ఇప్పుడు ఆ పక్కనే ఉంది, తన కూతురి పక్కన. మీ తాతయ్య ఇవతలి వరసలో.

ఇప్పుడు అర్థమైందా, కుర్చీ వేసుకుని ఎందుకు కూర్చుంటానన్నానో? బాగు చేయొద్దనటంలా. గేటు వేయండి, దారికి బిళ్ళలు పరవండి, నేనే చందా ఇస్తా. ఆ మూల మాత్రం వదిలేయండి. కలుపు ఉంటే వానల్లో చేత్తో పీకండి, అంతే. మట్టి కదపొద్దు. నేనున్నన్నాళ్ళూ నేను గుర్తు చేస్తా. గుర్తు చేయటం నేనే మర్చిపోతే? అందుకే నీకు చెప్తన్నా.

రోజూ పొద్దున లేవగానే ఆ రాళ్ళ మీద పేర్లన్నీ వరసగా పైకి చెప్పుకుంటా, నాకు నేనే పరీక్ష పెట్టుకున్నట్టు. మొన్నటిదాకా గడగడా వచ్చేవి. ఇప్పుడు మా మామగారి పేరు వస్తుంది, పాత పెద్దగారి పేరు వస్తుంది. నేను మొట్టమొదట చదివిన పేరే... ఇదిగో, ఇంతసేపు చెప్తూ లోపల వెతుకుతూనే ఉన్నా. వేలితో దుప్పటి మీద రాసి కూడా చూశా. మొదటి అక్షరం గుండ్రంగా ఉంటుంది. తర్వాతది...

ఎవరికి ఫోను? ఆ పొక్లెయినర్ అబ్బాయికా? స్పీకర్లో పెట్టు. ...ఏమన్నాడు? ముగ్గు పోసి హద్దు చూపిస్తే దాటి రానంటన్నాడా? హద్దు నువ్వే పొయ్యి. రాహేలమ్మ రాయి కూడా లోపలికి వచ్చేట్టు పొయ్యి. పాస్టరుగారికి కూడా ఇప్పుడే చెప్పు, మళ్ళీ చెప్తాలే అనుకోకు. నీ వయసులో ‘మళ్ళీ’ అంటే ఉంటుందిలే గానీ.

మంచిదానివే తల్లీ. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నీ పిల్లలు, వాళ్ళ పిల్లలు చేతికి దురద లేకుండా మట్టిలో ఆడుకోవాలి. నువ్వు చదివింది ఒక్క అక్షరం కూడా నిన్ను వదిలి పోకూడదు.

వెలుగు ఉండగానే వెళ్ళు. ముగ్గు పోశాక, ఆ చిన్న రాయి దగ్గర కూర్చో. అడ్డం ఏమీ ఉండదులే, ఆకంతా తినేసి ఉంటయ్ ఈపాటికి. దాని మీద ఏముందో గట్టిగా పైకి చదువు. నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉంటా.